ఫార్మాట్ చేయమంటున్న పెన్‌డ్రైవ్ నుంచి ట్యాలీ లెక్కలు బయటికి తీశాం: నా అనుభవం

మా నరసరావుపేట వైపు చాలా కొట్లలో ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా కంప్యూటర్లో ఉండదు, పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. పొద్దున షట్టర్ ఎత్తగానే దాన్ని సిస్టమ్‌కి పెడతారు, రాత్రి పీకి జేబులో వేసుకుని ఇంటికెళ్తారు. ఎందుకలా అంటే ఒక్కొక్కరిది ఒక్కో కారణం. సిస్టమ్ ఎవరైనా ఎత్తుకుపోతే ఎలా అని ఒకరు, గుమాస్తా చూస్తాడని ఇంకొకరు, ఏమీ చెప్పకుండా నవ్వి ఊరుకునేవాళ్ళు మరికొందరు. సాయంత్రాలు నేను ఇలాంటి కొట్లకి లెక్కలు రాస్తుంటాను. వాటిలో ఒకటి ఎరువులు, పురుగుమందుల కొట్టు. ఓనర్ గారిని బాబాయ్ అంటాను. చుట్టరికమేమీ లేదు, అలవాటంతే.

ఆయన ఫోన్ చేసి, "అబ్బాయ్, పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫార్మాట్ చేయమంటోంది. ఓకే కొట్టేయమంటావా?" అన్నారు. అమ్మకాల జీఎస్టీ రిటర్న్ జీఎస్టీఆర్-1 వేయడానికి 11వ తేదీ గడువు, అది దగ్గరికొచ్చేసింది. "కొట్టొద్దు బాబాయ్, అసలు దాన్ని పీకేసి పక్కన పెట్టండి, వస్తున్నా" అన్నాను.

నేను వెళ్ళేసరికి కొట్లో కుర్రాడు ఒక ప్రయత్నం చేసేశాడు. యూట్యూబ్‌లో చూసి కమాండ్ ప్రాంప్ట్‌లో చెక్‌డిస్క్ (డిస్కు తప్పులు సరిచేసే విండోస్ కమాండ్) కొట్టాడు. డ్రైవ్ 'రా' (RAW, అంటే లోపలి అమరిక గుర్తుపట్టలేని) ఫార్మాట్‌లో ఉంది, దానికి చెక్‌డిస్క్ పనిచేయదు అని విండోస్ చెప్పేసింది. అది ఒప్పుకోకపోవడమే మా అదృష్టం. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ని, అంటే ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే అమరికని, ఒక క్రమంలోకి తేవడం, మన ఫైళ్ళని కాపాడటం కాదు. దారి తెగిన ముక్కలు దొరికితే వాటిని ఫౌండ్ 000 అనే ఫోల్డర్లో పేర్లు లేని ఫైళ్ళుగా పడేస్తుంది. పైగా ఆ మార్పులన్నీ పాడవుతున్న ఆ డ్రైవ్ మీదే రాస్తుంది.

ముందు తప్పు పెన్‌డ్రైవ్‌దా, పోర్టుదా అని తేల్చుకోవాలి. క్యాబినెట్ ముందువైపు యూఎస్‌బీ పోర్టులు చాలాచోట్ల వదులైపోయి ఉంటాయి, ఎరువుల కొట్లో దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. వెనకవైపు పోర్టులో పెట్టినా అదే మాట. నా ల్యాప్‌టాప్‌లోనూ అదే. అయితే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని సైజు 14.9 జీబీ అని సరిగ్గానే కనిపించింది. (16 అని రాసి 14.9 ఏంటని బాబాయ్ అడిగారు. కంపెనీవాళ్ళు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది, అంతే.) సైజు కనిపించడం మంచి గుర్తు. లోపలి కంట్రోలర్ చిప్ బతికే ఉంది, మెమరీతో మాట్లాడుతోంది అని అర్థం. సైజు సున్నా అనో, మీడియా లేదనో చూపిస్తే ఇంట్లో కూర్చుని చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ల్యాబ్‌కి పంపాల్సిందే. ఇప్పటి చిన్న పెన్‌డ్రైవ్‌లు చాలావాటిలో కంట్రోలరూ మెమరీ ఒకే నల్లటి ముద్దలో పోతపోసి ఉంటాయి కాబట్టి అక్కడా పని తేలిక కాదు, బిల్లు వేలల్లో వస్తుంది.

పక్క సందులో సెల్‌ఫోన్లు రిపేర్ చేసే అతను "రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి లాగేస్తా, గంటలో పని" అన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్‌లు ఎలా పనిచేస్తాయో తెలిస్తే ఇక్కడ ఎందుకు పనికిరావో తెలుస్తుంది. చాలావరకు అవి ఫైల్ మొదట్లో ఉండే గుర్తుల్ని వెతుకుతాయి. జేపెగ్ ఫొటో ఎప్పుడూ కొన్ని నిర్ణీతమైన బైట్లతోనే మొదలవుతుంది, పీడీఎఫ్‌కీ దాని గుర్తు దానికుంది. ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చేసేదీ ఇదే, బాగా చేస్తుంది కూడా. పెళ్ళి ఫొటోలు పోయినవాళ్ళకి అది దేవుడే. కానీ పేర్లూ ఫోల్డర్లూ రావు, ఫైళ్ళన్నీ నంబర్లతో కుప్పగా వచ్చిపడతాయి. ట్యాలీ డేటా అలా కాదు. కంపెనీకో అంకెల ఫోల్డర్, అందులో .1800 అనే చివరతో బోలెడు ఫైళ్ళు, అన్నీ ఒకదాన్నొకటి నమ్ముకుని ఉంటాయి. వాటి పేరు, చోటు తెలియకపోతే వచ్చినా రానట్టే. మాకు కావలసింది ఫొటోలు కాదు, ఆ ఫోల్డర్ ఉన్నది ఉన్నట్టుగా.

అంచేత నేను చేసిన నిర్ణయం ఒకటే: పెన్‌డ్రైవ్ మీద ఏ రిపేరూ చేయను. దాన్ని మొదటి సెక్టర్ (డ్రైవ్‌లో డేటా దాచే చిన్న గడి) నుంచి చివరి సెక్టర్ వరకు కాపీ తీసి, ఏం చేసినా ఆ కాపీ మీదే చేస్తాను. పాడవుతున్న పెన్‌డ్రైవ్ ఇంకా ఎన్నిసార్లు చదవనిస్తుందో ఎవరికీ తెలియదు. ఉన్న ఆ కాస్త ఆయుష్షుని స్కానింగుల కింద తగలేయడం నాకు ఇష్టంలేదు.

విండోస్‌లో ఈ పని పెట్టుకోలేదు. డ్రైవ్ కనిపించగానే విండోస్ దాన్ని ఊరికే ఉండనివ్వదు. యాంటీవైరస్ తడుముతుంది, సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డర్ పెట్టాలని చూస్తుంది, స్కాన్ చేయనా అని అడుగుతుంది. ఇంకో మంచి పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు లైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైనక్స్) వేసి ల్యాప్‌టాప్‌ని దానితో బూట్ చేశాను. అందులో కూడా ఆటోమౌంట్ (డ్రైవ్ పెట్టగానే దానంతటదే తెరుచుకోవడం) ఆపేశాకే రోగిష్టి డ్రైవ్‌ని పెట్టాను. కాపీకి వాడింది డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్యాకేజీ పేరు ముందు 'జీ' చేర్చి జీడీడీరెస్క్యూ అని కొట్టాలి, కమాండ్ మాత్రం డీడీరెస్క్యూయే. ఇది తెలియక చాలామంది అక్కడే ఆగిపోతారు.

మామూలు కాపీకీ దీనికీ తేడా ఏంటంటే, మామూలు కాపీ చదవలేని చోటు రాగానే అక్కడే పట్టుకుని వేలాడుతుంది, లేదా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. డీడీరెస్క్యూ ఆ చోటుని ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుని ముందుకు దూకుతుంది. ముందు బాగున్నదంతా తెచ్చుకుని, ఆ తర్వాతే మొండిచోట్ల దగ్గరికి తిరిగొస్తుంది. మొదటి విడతలో చెడ్డచోట్లని గీకొద్దు అని చెప్పే 'మైనస్ ఎన్' పెట్టి వదిలాను. స్క్రీన్ మీద రెస్క్యూడ్ అంకె పెరుగుతూ పోయింది. సెకనుకి 15 ఎంబీ దాకా ఉన్న వేగం ఒకచోట కిలోబైట్లలోకి పడిపోయింది. బ్యాడ్ ఏరియాస్ దగ్గర సున్నా పోయి అంకెలు కదలడం మొదలైంది. ఇంతలో డ్రైవ్ ఒక్కసారిగా మాయమైంది. చేత్తో పట్టుకుంటే చుర్రుమనేంత వేడి.

బాబాయ్‌కి టెన్షన్. "పోయిందా?" అన్నారు. "పోలేదు, చల్లారనిద్దాం" అని కుర్రాడిని టీకి పంపాను. మ్యాప్ ఫైల్ ఉంది కాబట్టి ఆపిన చోటు నుంచే మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇక్కడ ఒక చిక్కుంది. పీకి మళ్ళీ పెట్టినప్పుడు లైనక్స్‌లో డ్రైవ్ పేరు మారిపోవచ్చు. మాకు ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ అయింది. పైబాణం నొక్కి పాత కమాండ్‌నే మళ్ళీ కొట్టేస్తే వేరే డ్రైవ్‌ని చదివే ప్రమాదం ఉంది. ప్రతిసారీ లిస్టులో సైజు చూసుకుని, ఇదే మనది అని తేల్చుకున్నాకే ఎంటర్ కొట్టాలి. రెండో విడత 'మైనస్ ఎన్' తీసేసి మొండిచోట్లని మూడేసిసార్లు ప్రయత్నించమన్నాను. తర్వాత వెనక నుంచి ముందుకి చదివించాను. కొన్ని సెక్టర్లు అలా తిరగేసి చదివితేనే వచ్చాయి. చివరికి 99.9 శాతం దాటి అక్కడ ఆగింది. పెన్‌డ్రైవ్‌ని తీసి కవర్లో పెట్టి సీల్ వేశాం. ఆ తర్వాత దాన్ని మళ్ళీ ఏ పోర్టులోనూ పెట్టలేదు.

అలా వచ్చిన ఇమేజ్‌కి, అంటే డ్రైవ్ మొత్తం నకలు ఉన్న ఫైల్‌కి, ఇంకో రెండు కాపీలు తీశాను. డ్రైవ్‌లో ఉన్న డేటా ఎంత తక్కువైనా ఇమేజ్ మాత్రం పూర్తి సైజుతో వస్తుంది. మూడు కాపీలకి దగ్గర దగ్గర 45 జీబీ ఖాళీ కావాలి, ముందే చూసుకోవాలి.

టెస్ట్‌డిస్క్ అనే రిపేర్ సాఫ్ట్‌వేర్‌తో ఒక కాపీని తెరవగానే అసలు జబ్బు బయటపడింది: బూట్ సెక్టర్ బ్యాడ్, బ్యాకప్ బూట్ సెక్టర్ ఓకే. డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో ఉంది. ఫ్యాట్32 పార్టిషన్ మొదటి సెక్టర్లో డ్రైవ్ గురించిన వివరాలు ఉంటాయి, దానికి నకలు ఒకటి మామూలుగా ఆరో సెక్టర్లో దాచి ఉంటుంది. మొదటిదానిలో రాత చెడిపోయి, విండోస్ అది అర్థంకాక ఫార్మాట్ అడిగింది, అంతే. అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి, బూట్ ఎంచుకుని, బ్యాకప్ బీఎస్ నొక్కితే నకలు తెచ్చి అసలు చోట పెట్టింది. కాపీ మీద చేస్తున్నాం కాబట్టి చెయ్యి వణకలేదు. ఇమేజ్‌ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే ఫోల్డర్లన్నీ పేర్లతో సహా కనిపించాయి. బాబాయ్ "అమ్మయ్య, ఇక ట్యాలీ పెట్టు" అన్నారు.

నేను అప్పుడే పెట్టలేదు. ఫైల్ కనిపించినంత మాత్రాన అందులో సరుకు ఉన్నట్టు కాదు. చదవలేని సెక్టర్ల చోట ఇమేజ్‌లో సున్నాలు ఉంటాయి, ఆ సున్నాలు ఏ ఫైల్లో పడ్డాయో పైకి తెలియదు. దీనికి డీడీరెస్క్యూలోనే ఒక ఉపాయం ఉంది, నాకు ఈ మొత్తంలో బాగా నచ్చింది ఇదే. ఫిల్ మోడ్ అని ఒకటుంది. మ్యాప్‌లో చెడ్డవని రాసుకున్న చోట్లన్నిట్లో మనం చెప్పిన మాటని నింపుతుంది. బాగుచేసిన ఇమేజ్‌కి ఇంకో నకలు తీసి, దానిలో ఆ చోట్లన్నీ 'బ్యాడ్ సెక్టర్' అన్న మాటతో నింపించి, మౌంట్ చేసి, ఏ ఫైళ్ళలో ఆ మాట ఉందో గ్రెప్ అనే లైనక్స్ కమాండ్‌తో వెతికించాను. కొన్ని వాట్సాప్ ఫొటోలు, ఒక పాత కొటేషన్, ట్యాలీ ఫోల్డర్లో ఒకే ఒక్క ఫైల్ తగిలాయి. మిగతావి ఖాళీ జాగాలో పడ్డాయి. బాబాయ్‌కి రెండు కంపెనీలున్నాయి. మిర్చి వ్యాపారం లెక్కలకి ఒక్క బైటు కూడా పోలేదు. దెబ్బ తగిలింది ఎరువుల కొట్టు లావాదేవీల ఫైల్‌కి.

ఆ ఫోల్డర్‌ని కంప్యూటర్‌లోకి కాపీ చేసి ట్యాలీ ప్రైమ్‌లో డేటా మెనూ నుంచి రిపేర్ కొట్టాను. తెరుచుకుంది. డేబుక్‌లో (రోజువారీ లావాదేవీల పట్టికలో) మాత్రం వోచర్ (ఒక్కో లావాదేవీ ఎంట్రీ) నంబర్ల మధ్య గండ్లు పడ్డాయి. అన్నీ గడిచిపోయిన నెలలవే. వాటిని పూడ్చడం లెక్కలు రాసేవాడి పని, కంప్యూటర్ పని కాదు. కొనుగోళ్ళు జీఎస్టీ పోర్టల్లో జీఎస్టీఆర్-2బీలో ఉంటాయి, డీలర్ల బిల్లులన్నీ అక్కడ దొరికాయి. మనం రిజిస్టర్డ్ పార్టీలకి అమ్మినవి దాఖలు చేసిన జీఎస్టీఆర్-1లో బిల్లు నంబర్లతో సహా ఉన్నాయి. రైతులకి అమ్మినవే ఇబ్బంది పెట్టాయి. జీఎస్టీ నంబరు లేనివాళ్ళకి చేసిన చిన్న అమ్మకాలు రిటర్న్‌లో పన్ను రేటు వారీగా మొత్తాలే ఉంటాయి, ఒక్కో బిల్లు ఉండదు. వాటికి బిల్లుబుక్కు కార్బన్ కాపీలే దిక్కయ్యాయి. యూరియా, డీఏపీ మాత్రం 2018 నుంచీ ఈ-పాస్ మిషన్‌లో కొనేవాళ్ళ గుర్తింపు నమోదు చేసే అమ్మాలి కాబట్టి ఆ రిపోర్టుతో సరిపోల్చుకున్నాం. బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని టిక్కులు కొడుతూ పోతే స్టాకు కలిసింది. రిటర్న్ గడువులోపే పడింది.

ఇదంతా ఎందుకొచ్చిందని బాబాయ్ అడిగారు. ట్యాలీని నేరుగా పెన్‌డ్రైవ్ మీద నడపడమే కారణమని నా అభిప్రాయం. ఫ్లాష్ మెమరీలో ఒక చిన్న అక్షరం మార్చాలన్నా, ఉన్నచోటే దిద్దడం కుదరదు. పెద్ద బ్లాక్ మొత్తాన్ని చెరిపాకే మళ్ళీ రాయాలి. అలా చెరిపే సార్లకి పరిమితి ఉంది. ఎస్ఎస్‌డీలో ఆ అరుగుదలని చిప్ అంతటా సర్దే తెలివైన కంట్రోలర్ ఉంటుంది, చవక పెన్‌డ్రైవ్‌లో ఆ తెలివి అంతంతమాత్రం. వోచర్ సేవ్ చేసిన ప్రతిసారీ చిన్నచిన్న రాతలు పడుతూనే ఉంటాయి. దానికి తోడు రాత్రి ఎజెక్ట్ చేయకుండా పీకేయడం.

ఇప్పుడు డేటా కొట్లో సిస్టమ్ ఎస్ఎస్‌డీలో ఉంది, ట్యాలీకి పాస్‌వర్డ్ పెట్టాం. కొట్టు మూసేముందు ట్యాలీలోనే బ్యాకప్ తీసి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో వేస్తారు, ఆ బ్యాకప్ ఫైల్‌నే గూగుల్ డ్రైవ్‌కీ పంపుతారు. ట్యాలీ తెరిచి ఉండగా డేటా ఫోల్డర్‌ని సింక్ చేయకూడదు, సగం రాసిన ఫైళ్ళు వెళ్ళిపోతాయి. నెలకోసారి ఏదో ఒక బ్యాకప్‌ని వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి బ్యాలెన్స్ షీట్ చూస్తాను. వేరే ఫోల్డర్ అని ఎందుకంటున్నానంటే, అదే చోటికి రీస్టోర్ చేస్తే ఇవాళ్టి లెక్కల మీద నిన్నటివి వచ్చి కూర్చుంటాయి. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల వరకు లెక్కలు దాచాలి. డ్రాయర్లో పడేసిన పెన్‌డ్రైవ్ అన్నేళ్ళు డేటాని పట్టుకుని ఉంటుందని నేనైతే హామీ ఇవ్వను. వాడకపోయినా అందులోని చార్జి మెల్లగా కారిపోతూ ఉంటుంది.

బాబాయ్‌కి జేబులో పెన్‌డ్రైవ్ లేకపోతే నిద్రపట్టదు కాబట్టి కొత్తది ఒకటి కొన్నాం. అందులో బ్యాకప్ ఫైల్ తప్ప ఇంకేమీ ఉండదు. కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే టెస్ట్ సాఫ్ట్‌వేర్ పెట్టి చివరిదాకా రాయించి, చదివించి చూశాను. మూడు నాలుగొందలకి ఒక టీబీ అని అమ్మే నకిలీలు బజార్లో తిరుగుతున్నాయి, అవి ఉన్న కాస్త చోటూ నిండాక రాసినట్టు నటిస్తాయి. మాది సరైనదే.

"మరి ఆ పాతది ఫార్మాట్ కొడితే పనిచేస్తుందా? పాటలేసుకుని కార్లో పెట్టుకుంటా" అన్నారు. పనిచేయొచ్చు, కొన్నాళ్ళు. కానీ మీ లెక్కలింకా అందులోనే ఉన్నాయి కదా అన్నాను. రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చాక, కొత్త బ్యాకప్ రీస్టోర్ చేసి చూసుకున్నాక, తూకంరాయితో చిప్ నుజ్జయ్యేదాకా కుర్రాడి చేత కొట్టించాం.