అరకులో ఇద్దరు బావలు

గొడవ తెనాలి టికెట్ కౌంటర్ దగ్గరే మొదలైంది. రెండు రాయితీ కార్డులూ లోపలికి నెట్టాను. అవతలి ఆయన చాలాసేపు కాగితాలు తిప్పాడు. నేను పుట్టుగుడ్డిని. మా బావకి రెండేళ్ల వయసులో పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. స్లీపర్‌లో మా ఇద్దరికీ 75 శాతం రాయితీ, తోడు వచ్చేవాళ్లకీ అంతే.

"ఎస్కార్ట్ ఎవరండీ?"

"ఆయనకి నేను."

"మరి మీకో?"

"నాకు ఆయన."

కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. వెనక క్యూలో ఎవరో నవ్వారు. నేను బళ్లో తెలుగు చెబుతాను కాబట్టి నాకు పంగ్వంధ న్యాయం గుర్తొచ్చింది. గుడ్డివాడి భుజాల మీద కుంటివాడు ఎక్కి దారి చెప్పిన కథ. మేమది డిగ్రీ హాస్టల్లోనే ఆచరణలో పెట్టాం. సైకిల్ సీటు మీద కూర్చుని నేను తొక్కేవాణ్ణి, ముందు కడ్డీ మీద కూర్చుని హ్యాండిల్ వాడు పట్టేవాడు. ఒక్కసారే మురుగు కాలవలో పడ్డాం. అప్పుడు కూడా తప్పు హ్యాండిల్‌ది, పెడల్‌ది కాదు. 'బావా' అని పిలుచుకోవడం కూడా అప్పటిదే, మా మధ్య చుట్టరికం ఏమీ లేదు.

విశాఖలో తెల్లారేసరికి కిరండోల్ ప్యాసింజరు దగ్గరున్నాం. అద్దాల పెట్టెలో టికెట్ ధర విని బావ, "నాకోసం కొంటే సగం దండగ, నీకోసం కొంటే మొత్తం దండగ" అని తేల్చేశాడు. దివ్యాంగుల పెట్టె రైలు చివర ఉంటుందనీ, అందులో దివ్యాంగులు తప్ప అందరూ ఉంటారనీ మాకు తెలిసిన సంగతే. బావ చక్రాల కుర్చీలోంచి ప్లాట్‌ఫారం మీదికి జారి, పెట్టెకి వీపు ఆనించి, రెండరచేతుల మీద ఒళ్లంతా లేపి మెట్టు మెట్టుకీ వెనక్కి ఎక్కుతాడు. నేను కుర్చీ మడిచి పైకి అందిస్తాను. మొత్తం ఒక నిమిషం. ఆ నిమిషంలో కనీసం నలుగురు "అయ్యో పాపం" అంటారు, ఒక్కరూ దారిలోంచి సంచీ తీయరు.

శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలైంది.

"ఏం కనబడుతోందిరా?"

"కొండ."

కాసేపాగి, "ఇప్పుడో?"

"ఇంకో కొండ."

పాతికేళ్లుగా వాడి వ్యాఖ్యానం ఇంతే. రేడియోలో క్రికెట్ చెప్పేవాళ్లు చూస్తే ఏడుస్తారు. అందుకే నేను సొరంగాలు లెక్కపెట్టుకోవడం మొదలెట్టాను. దానికి వాడి సాయం అక్కర్లేదు. ముందు చెవులు దిబ్బడ వేస్తాయి. చక్రాల చప్పుడు బయట దూరంగా పరుచుకుని ఉన్నది ఒక్కసారిగా వచ్చి మొహానికి కొడుతుంది. చల్లగాలి, దాని వెనకే తడి నాచు వాసన. పెట్టెలో పిల్లలూ, పిల్లలకన్నా ఎక్కువగా పెద్దలూ, "హోయ్" అని అరుస్తారు. ఆ అరుపు తిరిగొచ్చే తీరుని బట్టి సొరంగం పొట్టిదో పొడుగుదో చెప్పొచ్చు. జపం చేసినట్టు వేలి కణుపుల మీద బొటనవేలితో లెక్క. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకి చేర్చి జపాన్ ఓడలెక్కించడానికి 1960ల్లో తొలిచిన కొండలివి. లైను మొత్తం మీద 58 సొరంగాలంటారు. నేను 31 దాకా వచ్చాను. అంతలో జామకాయలమ్మే ఆవిడ బుట్ట నా మోకాలికి తగిలించి, "ఎన్ని కావాలి బాబూ" అంది. "ముప్ఫై ఒకటి" అన్నాను. ఆవిడ నిజమనుకుంది. బావ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. అక్కడితో లెక్క తప్పింది. శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద ఎత్తు 996 మీటర్లని ఉందని చదివాడు. పొద్దుట్నుంచీ వాడు చెప్పిన పనికొచ్చే సంగతి అదొక్కటే.

ఇక రిసార్ట్. పేరు రాయను. 'దివ్యాంగులకు పూర్తి అనుకూలం' అని ఫోన్లో కుర్చీ బొమ్మతో సహా పెట్టారు. రోజుకి 4,500. టిఫిను విడిగా. ఆ డబ్బుతో తెనాలిలో నెల మెస్సు వస్తుంది.

ర్యాంపు ఉంది. ఉందని వాళ్లంతా ఉత్సాహంగా చెప్పారు. వరండా అడుగున్నర ఎత్తు. ర్యాంపుకి లెక్క ఒకటుంది, అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. అంటే 18 అడుగులు ఉండాలి. నేను కర్రతో కొలిచాను, ఆరు దాటలేదు. అది ర్యాంపు కాదు, పార్కులో జారుడుబల్ల. కుర్చీని నేనూ, రూంబాయ్ కలిసి తోశాం. పైకి చేరి హమ్మయ్య అనుకునేలోపు ముందు చక్రాలు ఠక్కుమని ఆగాయి. వంగి తడిమితే గడప. పసుపు రాసి ఉంది, వేళ్లకి పొడి అంటింది. మూడంగుళాలుంటుంది.

"గడప తీసేస్తే బాగోదని సార్, వాస్తు" అన్నాడు మేనేజరు.

లోపల బాత్రూం తలుపు 24 అంగుళాలు. బావ కుర్చీ వెడల్పు 26. ఆ రెండంగుళాల కోసం మళ్లీ హాస్టల్ పద్ధతే. వరండాలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, వాణ్ణి దాని మీదికి మార్చి, నేను లోపలికి ఈడ్చడం. లోపల మాత్రం గోడకి మెరిసే స్టీలు కడ్డీలు నాలుగు బిగించారు. వాటిని పట్టుకోవాలంటే ముందు లోపలికి వెళ్లాలి కదా.

నా కష్టం వేరే. గోడ మీద స్విచ్చులకి బదులు నున్నటి గాజు పలక. వేలు తగిలితే చాలు వెలుగుతాయట. ఫ్యాను ఎక్కడుందో వెతకాలంటే తడమాలి, తడిమితే దీపాలన్నీ వెలుగుతాయి. వెలిగాయని నాకు తెలీదు.

"ఒరేయ్, పెళ్లివారిల్లు చేశావురా" అని మంచం మీంచి బావ కేక.

బాత్రూంలో మూడు సీసాలు, మూడూ ఒకే ఆకారం, ఒకే మూత. మొదటి రోజు ఒంటికి రాసుకునే లోషన్‌తో తలంటుకున్నాను. రెండో రోజు షాంపూ సీసాకి రబ్బరు బ్యాండు చుట్టుకున్నాను. అది నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. వాళ్లకయ్యే ఖర్చు పావలా. ఫిర్యాదు చేస్తే మేనేజరు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మీకు నడక బాగానే ఉంది కదా సార్!" 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలు లెక్కపెట్టింది. ఇక్కడ తెలిసింది ఒక్కటే, అదీ సగమే.

ఆ కోపంలో అరకు ఊరు సరిగ్గా చూడలేదు. మ్యూజియం, కాఫీ, అన్నీ మొక్కుబడి.

మర్నాడు ఆటో మాట్లాడుకుని బొర్రా గుహలకి వెళ్లాం. మెట్లు, మళ్లీ మెట్లు. బావ గేటు దగ్గరే, "నేనిక్కడ కోతుల్ని చూసుకుంటా, నువ్వెళ్లు" అన్నాడు. గైడు మోచెయ్యి పట్టుకుని దిగాను. పాతికేళ్లలో వాడు లేకుండా కొత్త చోటికి వెళ్లడం నాకు అదే మొదలనుకుంటా. గైడు టార్చి వేసి జనానికి చూపిస్తున్నాడు. ఇది శివపార్వతులు, ఇది తల్లీబిడ్డా, అది మొసలి. నా వంతు వచ్చేసరికి గొంతు తగ్గించి, "మీకేం చూపించమంటారు సార్?" అన్నాడు. అడిగాడు, అది చాలు. నీటి చుక్కలతో పెరిగే ఈ రాళ్లని ముట్టుకుంటే చేతి జిడ్డుకి వాటి పెరుగుదల ఆగిపోతుందని పిల్లలకి చెప్పేవాణ్ణి నేనే, కాబట్టి ముట్టుకోనన్నాను. అతనే, అందరూ ఆనుకుని ఎప్పుడో నున్నగా అరిగిపోయిన ఒక రాతి దగ్గరికి తీసుకెళ్లి నా చెయ్యి పెట్టాడు.

బయటికి వచ్చేసరికి బావ ఒక బొంగు చికెన్ పొయ్యి దగ్గర సెటిలైపోయాడు. అమ్మే ఆవిడకి అప్పటికే వాడి జాతకం మొత్తం తెలుసు. నన్ను కూచోబెట్టి, పచ్చి బొంగు ఒకటి చేతిలో పెట్టింది. కణుపు దగ్గర కోసి, లోపల మాంసం కూరి, మూతికి ఆకులు కుక్కింది. పొయ్యి మీద వెదురు చిటపటలాడుతోంది. "ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"ఇని సూడు బాబూ. ముందు బుసబుసంటాది. నీరైపోయాక సప్పుడు సన్నంగైపోద్ది. అప్పుడు తీసెయ్యాల."

చెవి దగ్గర పెట్టి విన్నాను. నిజమే, బుస పలచబడి ఈలలా మారింది. "ఇప్పుడు" అన్నాను. ఆవిడ తీసి చీల్చింది. "తిని సూడు." మన భాషలో గుడ్డివాడు కూడా విని చూస్తాడు, తిని చూస్తాడు, ముట్టి చూస్తాడు. ఇన్నేళ్లు తెలుగు చెప్పి, ఇది ఒక వెదురుబొంగు దగ్గర తట్టింది నాకు. చుక్క నూనె లేని ఆ ముక్కలో వెదురు పచ్చివాసన ఇంకా ఉంది. ఇద్దరికీ కలిపి తీసుకున్నది రిసార్ట్ టిఫిను కన్నా తక్కువ.

"ఊ, చెప్పు. లోపలేముంది?" అన్నాడు బావ.

"రాయి."

"తర్వాత?"

"ఇంకో రాయి."

వాడికి అర్థమైంది. తిట్టాడు. "రంగు లైట్లున్నాయటగా. ఏ రంగులు?"

"అది నన్నడుగుతావేంట్రా?"

"వెళ్లొచ్చింది నువ్వేగా, మరెవర్నడగను?"

అప్పుడు చెప్పాను. ఎండ ఎక్కడ వీపు మీంచి దిగిపోయిందో, గబ్బిలాల వాసన ఎక్కడ మొదలైందో. కప్పు తల మీదున్నంతసేపూ మన మాట మనకి దగ్గరగా వినబడుతుందని, ఒకచోట గైడు దగ్గితే ఆ దగ్గు పైకెక్కి ఎంతకీ తిరిగి రాలేదని. ఎడమ పక్క ఒక చుక్క పడుతోంది, ఒకటి పడ్డాక నెమ్మదిగా పద్నాలుగు అంకెలు లెక్కపెడితే రెండోది. అడుగున ఎక్కడో గోస్తనీ పారుతున్న సన్నటి సడి. అరిగిన రాయి పైన నున్నగా, కింద ఆవు నాలుకలా గరుకుగా.

వాడు మధ్యలో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆటోవాడు హారన్ కొట్టాడు.

"ఉండవయ్యా" అన్నాడు బావ వాడితో. నా వైపు తిరిగి, "ఆ దగ్గు దగ్గర్నుంచి మళ్లీ చెప్పు."