ఆర్బోవైరస్‌ల చాప్టర్ నన్ను ఒకసారి ముంచింది, రెండోసారి గట్టెక్కించింది

ఫ్రెండ్స్, ఫస్ట్ అటెంప్ట్‌లో ఆర్బోవైరస్‌ల (దోమల్లాంటివి కుట్టి అంటించే వైరస్‌ల) చాప్టర్‌ని నేను వదిలేయలేదు, అంతకంటే ఘోరం చేశా, బట్టీ పట్టా. డెంగీ, చికున్‌గున్యా, జికా అంటే ఏడిస్ దోమ, జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (జేఈ, ఒకరకం మెదడువాపు), వెస్ట్ నైల్ అంటే క్యూలెక్స్ దోమ అని చార్ట్ రాసి గోడకి అంటించుకుని లేవగానే ఒకసారి పడుకునేముందు ఒకసారి చదివేదాన్ని. తీరా ఎగ్జామ్‌లో అడిగిందేంటంటే, మెదడువాపు వచ్చిన మనిషిని కుట్టిన దోమ ఆ జేఈ వైరస్‌ని ఇంకొకరికి ఎందుకు అంటించలేదు అని. చార్ట్ మొత్తం కళ్ళముందు కనపడుతోంది, ఆన్సర్ మాత్రం అందులో లేదు 😅

రెండోసారి చార్ట్ చించేసి ఒక పెద్ద షీట్ తీసుకుని, ఒక్క డెంగీ వైరస్‌ని పట్టుకుని ఒక కాటు నుంచి ఇంకో కాటు దాకా రోజులవారీగా గీత గీసుకుంటూ వెళ్ళా. మొదటి గంటలోనే నా బుర్రలో ఉన్న పెద్ద తప్పు బయటపడింది. నేను దోమని ఇంజెక్షన్ సూదిలా ఊహించుకున్నా, ఇక్కడ రక్తం తాగి అక్కడ వదిలేస్తుందని. అలా కాదు. రక్తంతో వచ్చిన వైరస్ ముందు దోమ పేగు కణాల్లో పెరగాలి, అక్కడినుంచి బయటపడి ఒళ్ళంతా పాకాలి, చివరికి లాలాజల గ్రంథుల్లోకి చేరాలి, మధ్యలో ఎక్కడ ఆగిపోయినా ఆ దోమ మనకి ప్రమాదం కాదు. ఇదంతా జరగడానికి 25-28 డిగ్రీల దగ్గర సుమారు 8 నుంచి 12 రోజులు, ఎండ పెరిగితే ఇంకా తొందరగా. ఒక్కసారి గ్రంథుల్లోకి చేరిందా, ఆ దోమ బతికున్నంతకాలం అంటిస్తూనే ఉంటుంది. అంటే కుట్టే ఆడదోమల్లో కూడా అన్ని రోజులు బతికినవే అసలు సమస్య అన్నమాట.

జేఈ ప్రశ్నకి ఆన్సర్ కూడా ఇక్కడే దొరికింది. ఆ వైరస్ పందుల్లో, నీటి కొంగల్లో బాగా పెరుగుతుంది, మనిషి రక్తంలో మాత్రం కొద్దిగా, కొద్దిరోజులే ఉంటుంది, దోమకి అంటుకునేంత సరుకు ఉండదు. డెంగీలో అలా కాదు, మనిషే దోమకి సప్లయర్.

ఇంకో రెండు ట్రాప్‌లు చెప్పేస్తా. అనాఫిలిస్ దోమ అనగానే మలేరియా అని టిక్ పెట్టేస్తాం, కానీ ఓన్యోంగ్‌న్యోంగ్ వైరస్‌ని మోసేది అనాఫిలిసే. రెండోది చికున్‌గున్యా, 2005-06లో రీయూనియన్ దీవిలో విజృంభించినప్పుడు వైరస్ పైపొరలోని ఈ1 ప్రోటీన్‌లో 226వ స్థానంలో అలనైన్ అనే అమైనో ఆమ్లం పోయి వాలైన్ వచ్చింది, ఆ ఒక్క మార్పుతో ఏడిస్ ఆల్బోపిక్టస్ దోమలో బాగా పెరగడం మొదలెట్టింది.

ఇమ్యూనిటీ భాగం దగ్గర నాకు నిజంగా ఏడుపొచ్చింది, అన్నీ పొట్టి పేర్లే. అది కూడా గీత మీదకే ఎక్కించా. దోమ కుట్టిన చోట చర్మంలోని డెండ్రైటిక్ కణాలు ముందు ఇన్‌ఫెక్ట్ అయి వైరస్‌ని లింఫ్ నోడ్‌కి మోసుకెళ్తాయి (కాపలావాడే దొంగని ఇంట్లోకి తీసుకెళ్ళినట్టు). కణం లోపల రిగ్-ఐ, ఎండీఏ5 అనే సెన్సర్ ప్రోటీన్లు వైరస్ ఆర్ఎన్ఏని పసిగడతాయి, ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ విడుదలవుతుంది, అది జాక్-స్టాట్ అనే సిగ్నల్ దారిలో చుట్టుపక్కల కణాల్ని లేపుతుంది. డెంగీ ఎన్ఎస్5 ప్రోటీన్ ఆ దారిలోని స్టాట్2ని నాశనం చేయించేస్తుంది, అంటే అలారం మోగుతూనే ఉంటుంది, వినేవాడు ఉండడు. ఇలా చూస్తే ఎన్ఎస్5 మళ్ళీ మర్చిపోలేదు నేను.

అదే షీట్ మీద టెస్టులు కూడా రాసుకోండి ప్లీజ్. ఎన్ఎస్1 యాంటిజెన్ (వైరస్ ప్రోటీనే) జ్వరం మొదటిరోజు నుంచే దొరుకుతుంది, మన ఒళ్ళు తయారుచేసే ఐజీఎం యాంటీబాడీ మాత్రం దాదాపు 4-5 రోజులైతేగానీ రాదు. మాక్ టెస్ట్‌లో జ్వరం 2వ రోజు, ఐజీఎం నెగెటివ్ అని కేసు ఇస్తే నేను ధీమాగా డెంగీ కాదు అని పెట్టి మైనస్ మార్క్ తెచ్చుకున్నా.

ఇక అసలైనది ఏడీఈ (యాంటీబాడీ డిపెండెంట్ ఎన్‌హాన్స్‌మెంట్), అంటే యాంటీబాడీయే ఇన్‌ఫెక్షన్‌ని పెంచడం. యాంటీబాడీ ఉంటే రక్షణ ఉన్నట్టే అని ఎన్నేళ్ళనుంచో నమ్మి కూర్చున్న నాకు ఇది మింగుడుపడటానికి వారం పట్టింది. డెంగీ సీరోటైప్‌లు (వైరస్ రకాలు) 4. ఒకటి వచ్చిపోతే దానిమీద రక్షణ జీవితాంతం, మిగతా మూడింటిమీద కొన్ని నెలలే. తర్వాత వేరే సీరోటైప్ వస్తే పాత యాంటీబాడీ దాన్ని పట్టుకుంటుంది గానీ నిర్వీర్యం చేయలేదు, తాళంచెవి దూరుతుంది, తిరగదు. ఆ జంట, యాంటీబాడీ తోకని పట్టుకునే ఎఫ్‌సీ గామా రిసెప్టర్ ద్వారా నేరుగా మోనోసైట్ అనే తెల్లరక్తకణంలోకి వెళ్తుంది, వైరస్‌కి కావాల్సింది కూడా అదే కణం. అందుకే 2017లో డెంగ్వాక్సియా అనే డెంగీ వ్యాక్సిన్ విషయంలో తయారుచేసిన కంపెనీయే చెప్పాల్సి వచ్చింది, అంతకుముందు డెంగీ రానివాళ్ళకి ఈ వ్యాక్సిన్ వేశాక ఇన్‌ఫెక్షన్ వస్తే సీరియస్ అయ్యే రిస్క్ ఎక్కువని. జ్వరం తగ్గేటప్పుడే పేషెంట్ ఎందుకు కూలబడతాడన్నది కూడా ఇక్కడే అర్థమైంది, అప్పటికి వైరస్ తగ్గుతోంది, సైటోకైన్‌ల (రోగనిరోధక కణాలు వదిలే సిగ్నల్ ప్రోటీన్ల) హోరులో, ఎన్ఎస్1 దెబ్బకి రక్తనాళాల నుంచి ప్లాస్మా కారుతోంది. ప్లేట్‌లెట్స్ ఒక్కటే చూసి కూర్చోకండి, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) పెరుగుతోందా చూడండి.

సెకండ్ అటెంప్ట్‌లో వచ్చిన ప్రశ్న: 7 నెలల పాప, మొట్టమొదటి డెంగీ ఇన్‌ఫెక్షన్, అయినా షాక్‌లోకి వెళ్ళింది, కారణం? ఆప్షన్లలో 'మొదటి ఇన్‌ఫెక్షన్ కాబట్టి ఏడీఈ సాధ్యం కాదు' అని కూడా ఇచ్చారు, పోయినేడాదైతే కళ్ళు మూసుకుని అదే పెట్టేదాన్ని. ఈసారి పెన్ను పక్కన పెట్టి పాపకి ఆ యాంటీబాడీ ఎక్కడినుంచి వచ్చి ఉంటుందా అని ఆలోచించా. తల్లి ఐజీజీ యాంటీబాడీ, మాయ దాటి వచ్చింది, 7 నెలలకి కాపాడలేనంత తగ్గింది, పట్టుకునేంత మాత్రం మిగిలింది. టిక్ పెట్టి పేజీ తిప్పేశా.