మా నాన్న మేసన్, మా అమ్మ కాదు

మా నాన్న ఫ్రీమేసన్, అంటే పాతకాలపు రాతిపనివాళ్ళ గుర్తులూ తతంగాలూ పాటించే ఒక సోదర సంఘంలో సభ్యుడు అని తెలియగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "లోపల ఏం చేస్తారండీ?" రెండోది కాస్త గొంతు తగ్గించి అడుగుతారు: "మేకను బలిస్తారట కదా?" గుంటూరు బ్రాడీపేటలో మా ఎదురింటి పిన్నిగారైతే, కళ్ళకు గంతలు కట్టి ఏవేవో చేయిస్తారని యూట్యూబ్‌లో చూశానంది. గంతలు నిజమే. మేక అబద్ధం. మిగతావి నాన్న చెప్పడు, నేనూ అడగను. అడగాల్సిన పని కూడా లేదు. 1730లోనే లండన్‌లో శామ్యూల్ ప్రిచర్డ్ అనే మాజీ సభ్యుడు ఆ తతంగమంతా అచ్చు వేయించి అమ్మేశాడు. ఇంకా ఏం రహస్యం?

మా నాయనమ్మకు మాత్రం వేరే భయం. "సుబ్బరంగా వ్యాపారం చేసుకునేవాడికి ఈ తాపీమేస్త్రీల సంఘం ఎందుకురా?" అని మొదలుపెట్టి, చివరికి "కిరస్తానంలో కలుపుతున్నారేమో" దగ్గర తేలేది. నాన్న దగ్గర దానికి ఒక బ్రహ్మాస్త్రం ఉండేది. హాల్లో వివేకానందుడి పటం చూపించేవాడు. "ఈయన కూడా మేసనే, తెలుసా?" అది నిజమే. అప్పటికింకా ఆయన నరేంద్రనాథ్ దత్తా. 1884 ఫిబ్రవరిలో కలకత్తాలో యాంకర్ అండ్ హోప్ లాడ్జిలో చేరాడు. లాడ్జి అంటే బస చేసేది కాదు, మేసన్ల స్థానిక శాఖ. మోతీలాల్ నెహ్రూ పేరు కూడా నాన్న చెప్పేవాడు గానీ, నాయనమ్మకు ఆ పేరుతో పనిలేదు. వివేకానందుడు అనగానే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అదే కలకత్తాలో అంతకుముందు జరిగిన కథ నాన్న నాయనమ్మకు చెప్పలేదు. తరవాత నేను చదివి తెలుసుకున్నాను. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు ఒక సారాయి అంగడిలో కలిసి అన్నిటికీ పైన ఒక గ్రాండ్ లాడ్జి పెట్టుకున్నాయి. పదమూడేళ్ళు తిరిగేసరికల్లా కంపెనీ దొరలు దాన్ని కలకత్తాకు తెచ్చారు. మనుషులంతా సోదరులే అని రాసుకున్న సంఘం అది. కానీ ప్రసన్న కుమార్ దత్త్ అనే బెంగాలీ వ్యాపారి చేరతానంటే అక్కడి దొరలు ఏళ్ళ తరబడి అడ్డం పడ్డారు. హిందువులకు దేవుళ్ళు చాలామంది, మేసన్ కావాలంటే ఒకే పరమాత్మను నమ్మాలి, అని వంక. పోరాడి పోరాడి 1872లో లోపలికి వెళ్ళాడాయన. పన్నెండేళ్ళ తరవాత నరేంద్రుడు చేరింది ఆయన తెరిచిన తలుపులోంచే అనుకోవచ్చు. మన దేశానికంటూ వేరే గ్రాండ్ లాడ్జి రావడానికి మాత్రం 1961 నవంబర్ దాకా ఆగాల్సి వచ్చింది.

నాన్నది మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. మీటింగేమో బెజవాడలో, దానికి తెల్ల గ్లవ్స్ కావాలి. మిర్చికీ తెల్ల గ్లవ్స్‌కీ పొత్తు ఎలా కుదురుతుంది చెప్పండి. సీజన్‌లో నాన్న యార్డు నుంచి వచ్చి పెరట్లోనే బట్టలు విప్పి, తలస్నానం చేశాకే గది లోపలికి రావాలని అమ్మ రూలు. గ్లవ్స్, మీటింగులో నడుముకు కట్టుకునే ఏప్రన్ ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువా పై అరలో పెట్టేది. అయినా ఒకసారి స్కూటర్ డిక్కీలో శాంపిల్ మిర్చి పొట్లం పక్కన ఆ సంచీ పెట్టేశాడు నాన్న. ఆ సాయంత్రం తూర్పు దిక్కున కుర్చీలో ఉన్న మాస్టర్, అంటే లాడ్జి పెద్ద దాకా అందరికీ తుమ్ములేనట. నాన్న స్నేహితులు ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి నవ్వుతారు.

ఆ ఏప్రన్‌ను చిన్నప్పుడు నేను చాలాసార్లు తడిమి చూశాను. మెత్తటి తెల్లటి తోలు, చుట్టూ ఆకాశనీలం రంగు పట్టీ, గులాబీ పూవులా మడిచిన నీలం రిబ్బన్లు మూడు, రెండు పక్కలా వేలాడే వెండిరంగు గొలుసులు. కొత్తగా చేరినవాడిది ఒట్టి తెలుపు. డిగ్రీ అంటే ఇక్కడ చదువు కాదు, సభ్యుడు ఎక్కే మెట్టు; రెండో డిగ్రీకి రెండు పూలు వస్తాయి, మూడోదానికి మూడోది. రాళ్ళు చెక్కే పనివాళ్ళ తోలు గుడ్డే ఇలా సోకు చేసుకుంది. హాలు మధ్యలో నలుపు తెలుపు గళ్ళ నేల ఉంటుంది. మాస్టర్ తూర్పున, ఆయన తరవాతి స్థాయి ఇద్దరు వార్డెన్లు పడమర, దక్షిణాల్లో కూర్చుంటారు. తలుపు బయట కత్తి దూసి పట్టుకుని టైలర్ అనే కాపలాదారు నిలబడతాడు. బట్టలు కుట్టే టైలర్ కాదు లెండి. మాస్టర్ పదవి ఏడాదే. నిన్న ఆ కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి రేపు తలుపు దగ్గర కత్తి పట్టుకోవడం మామూలేనట. ఈ ఒక్క పద్ధతి మన గుడి కమిటీల్లోనూ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలోనూ పెడితే ఎంత బాగుండును.

పీఠం మీద బైబిల్ ఒక్కటే కాదు, భగవద్గీత, ఖురాన్ కూడా ఉంటాయి. ఎవరి గ్రంథం మీద వాళ్ళు ప్రమాణం చేస్తారు. లోపల మతం, రాజకీయం మాట్లాడకూడదు. బెజవాడ, గుంటూరు మగవాళ్ళు ఒక గదిలో చేరి, భోజనాలు వడ్డించేదాకా రాజకీయం ఎత్తకుండా ఉన్నారంటే నాకు దానికంటే పెద్ద రహస్యం ఇంకేదీ కనపడదు.

ఇక అసలు కష్టం బట్టీ. అంతా ఇంగ్లీషులోనే, పుస్తకం చూడకుండా అప్పగించాలి. నాన్న చేతిలో చిన్న నీలం అట్ట పుస్తకం ఒకటి ఉండేది. అందులో ముఖ్యమైన మాటలు పూర్తిగా ఉండవు. మొదటి అక్షరం, పక్కన చుక్కలు. తెలిసినవాడికే అర్థమవుతుంది. రాత్రి కొట్టు లెక్కలయ్యాక డాబా ఎక్కి, పద్యనాటకంలో కొత్తగా వేషం దొరికినవాడిలా అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేసేవాడు. మేం పైకి వెళ్ళకూడదు. కానీ వడియాల గుడ్డ ఎత్తడానికి, మంచానికి దుప్పటి వేయడానికి, నీళ్ళ చెంబు పెట్టడానికి అమ్మ వెళ్ళాలి కదా! తెనాలిలో తెలుగు మీడియంలో పదో తరగతి చదివిన అమ్మకు వినీ వినీ సగం పైన నోటికొచ్చేసింది.

మూడో డిగ్రీ కథ కూడా అమ్మకు తెలుసు. సొలొమోను ఆలయం కట్టిన హీరాం అనే శిల్పిని, రహస్యం చెప్పలేదని ముగ్గురు పనివాళ్ళు చంపి పాతిపెడతారు. గోరీ గుర్తుగా ఒక అకేషియా కొమ్మ గుచ్చుతారు. అందుకే మేసన్ పోతే పచ్చటి కొమ్మ వేయడం ఆనవాయితీ. అకేషియా అంటే మన తుమ్మ జాతే అని నేను చెప్పినప్పుడు అమ్మ, "కాలవగట్టు మీద దొరికేదానికి బెజవాడ దాకా పోవాలా?" అంది.

అమ్మకి ఎంత వచ్చినా లోపలికి మాత్రం రానివ్వరు. ఏడాదికోసారి భార్యలను భోజనానికి పిలుస్తారు, ఆడవాళ్ళ గౌరవార్థం గ్లాసులెత్తి ఒక టోస్ట్ చెబుతారు, అంతే. ఈ విషయంలో నాకూ నాన్నకూ ఎప్పుడూ గొడవే. మన మదనపల్లె కాలేజీ పెట్టించిన అనీ బిసెంట్ 1902లోనే మేసన్ అయింది కదా అంటాను. అది ఫ్రాన్స్‌లో 1893లో ఆడామగా కలిసి పెట్టుకున్న వేరే శాఖ, మావాళ్ళు గుర్తించరు అంటాడు. ప్రసన్న కుమార్ దత్త్‌కు చెప్పిన వంక కూడా ఇలాంటిదే కదా అని నేను. నాన్న పేపర్ తెరుస్తాడు.

ఈమధ్య నాన్నకు మోకాళ్ళ నొప్పులు, డాబా ఎక్కలేడు. లాడ్జిలో కొత్తగా పదవి వచ్చిన కుర్రాడొకడు బెజవాడ నుంచి వచ్చి, 'ఛార్జ్' అప్పగిస్తాను వినమన్నాడు. కొత్త సభ్యుడికి చెప్పే పెద్ద హితబోధ అది. అందులో వివేకం, నిగ్రహం, ధైర్యం, న్యాయం అనే నాలుగు గుణాల ఇంగ్లీషు పేర్లు వరసగా వస్తాయి. హాల్లోనే కూర్చున్నారు. సగంలో కుర్రాడు తడబడ్డాడు. నాన్న అందించబోయి "ప్రూడెన్స్..." అని ఆగిపోయాడు. నేల వైపు, ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"టెంపరెన్స్" అంది అమ్మ వంటింట్లోంచి.

కుర్రాడు తెల్లబోయి నాన్న వైపు చూశాడు. "ఆ, అదే. కానియ్" అన్నాడు నాన్న, ఏమీ జరగనట్టు. కుర్రాడు ఫోర్టిట్యూడ్ దాకా వచ్చి, ఊపిరి పీల్చుకుని తరవాతి పేరాకు దూకాడు.

"జస్టిస్ వదిలేస్తున్నావు బాబూ" అంది అమ్మ, కాఫీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెడుతూ.