శనివారం, వాన, ఐరిష్ హోంవర్కు

డబ్లిన్‌లో వాన పడిందని డైరీలో రాయడం దండగే, అయినా రాస్తున్నాను. చలికి ఇడ్లీ పిండి పొంగలేదు. అదే పిండితో అట్లు పోస్తుంటే అమ్మాయి పుస్తకం పట్టుకుని వంటింట్లోకొచ్చింది. సోమవారం బడిలో తన హాబీల గురించి ఐరిష్‌లో మాట్లాడాలట. ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడగడానికి ఓ మనిషి కావాలి. దొరికింది నేను.

హాబీని ఐరిష్‌లో ఏమంటారే అన్నాను. 'కాహివ్ అమ్షిరె' అంది. కాహివ్ అంటే గడపడం, అమ్షిరె అంటే కాలానిది. ఇది మన కాలక్షేపమే కదా! ఆ మాటని మనమే పనిలేనివాళ్ళ వ్యవహారం చేసేశాం. హరికథ పక్కన చేరినప్పుడు మాత్రం దానికి కాస్త మర్యాద. ఇంకో తమాషా, ఐరిష్‌లో కాలానికీ వాతావరణానికీ మాట ఒకటే. మనకీ ఎండాకాలం, వానాకాలం ఉన్నాయిగా. ఇక్కడ రెండోదే ఉంది.

"అన్ మా ల్యాత్ దోసె?" అంది. దోసె ఇష్టమా అని. యెస్ అన్నాను.

"అలా కుదరదమ్మా. ఐరిష్‌లో యెస్, నో లేవు."

ఇష్టమైతే 'ఇస్ మా లుమ్' అనాలి, లేకపోతే 'నీ మా లుమ్'. నీ, మా వినబడి నవ్వొచ్చింది. మనం మాత్రం? తిన్నావా అంటే తిన్నాననే అంటాం, అవును అనం. లుమ్ అంటే 'నాతో' అట. మనం 'నాకిష్టం' అన్నట్టే, ఇష్టం ఎక్కడి నుంచో వచ్చి మనిషి దగ్గర చేరుతుంది.

ఆటల దగ్గర క్లాసులో చాలామంది తప్పుతున్నారట. ఇంగ్లీషులో ఫుట్‌బాలైనా పియానో అయినా ప్లే అంటే సరిపోతుంది. ఐరిష్‌లో ఆటకి 'ఇమ్రీమ్', వాయిద్యానికి 'షెనిమ్'. మా అమ్మాయి మాత్రం తడబడలేదు. "ఆడటం, వాయించడం వేరు కదమ్మా" అంది, అదో విషయమా అన్నట్టు. ఇంట్లో తెలుగు మాట్లాడవే అని నేను పెట్టిన పోరంతా ఎక్కడికీ పోలేదన్నమాట. లోపల పొంగిపోయాను, పైకి చట్నీ వేశాను.

2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్ళు 18 లక్షల 70 వేల పైచిలుకు. చదువుల బయట రోజూ మాట్లాడేవాళ్ళు 72 వేలలోపే. మా పక్కింటాయన బడిలో ఏళ్ళ తరబడి నేర్చుకున్నారు. ఇప్పుడు గడగడా వచ్చేది ఒక్కటే వాక్యం, 'టాయిలెట్‌కి వెళ్ళొచ్చా టీచర్?'

తర్వాత నా వంతు. నీ కాహివ్ అమ్షిరె ఏంటంది. వంట అన్నాను. "అది పని కదా!" ఫోన్ చూడటం అనడానికి సిగ్గేసింది. ఆఖరికి పెళ్ళికి ముందు ఆదివారం పేపర్లో పదకేళి నింపేదాన్నని చెప్పాను. నిఘంటువులో వెతికి 'క్రసొకల్' అంది. స్పెల్లింగులో ఎఫ్, హెచ్ రెండూ ఉన్నాయి, పలకడంలో రెండూ లేవు.

"కేన్ ఫా?" ఎందుకిష్టం?

"ఏమో, బాగుంటుంది."

"కారణం చెప్పాలమ్మా. 'మర్', అంటే 'ఎందుకంటే', అన్నాక ఏదో ఒకటి రావాలి."

ఏ సినిమా ఎలా ఉందన్నా 'పర్లేదు', ఏం వండనంటే 'మీ ఇష్టం' అనుకునే ఇల్లు మాది. 'మర్' తర్వాత ఏం పెట్టాలో తోచలేదు. కాసేపటికి చెప్పాను. నిలువు నాన్నగారు చూసేవారు, అడ్డం నాకు వదిలేసేవారు, ఇంట్లో ఉన్న ఒక్క మంచి పెన్నూ ఆ గంటసేపు నా చేతికిచ్చేవారు అని.

అమ్మాయి పెన్సిల్ కొరుకుతూ ఆలోచించింది. "ఇంత పెద్దది నాకు రాదు. 'సిమ్యూల్' అని రాసుకుంటా." సిమ్యూల్ అంటే ఆసక్తికరం.

రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్లో ఓ తెలుగు పదకేళి తెరిచాను. అడ్డం ఏడు ఇంకా రాలేదు.