తలపాగా పైలట్ చివరి రోజుల కోసం వెతికాను

ఉద్యోగం మారి ఇంగ్లండ్‌లోని కెంట్‌కి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం, గ్రేవ్‌జెండ్‌లో థేమ్స్ ఒడ్డున నడుస్తుంటే పార్కులో ఒక కంచు విగ్రహం కనబడింది. పైలట్ దుస్తులు, తలకి తలపాగా. స్క్వాడ్రన్ లీడర్ మహీందర్ సింగ్ పుజ్జీ, డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే పతకం).

మాది తాడేపల్లిగూడెం దగ్గర. సైనికుల ఊరుగా పేరుపడ్డ మిలటరీ మాధవరం పేరు వింటూ పెరిగినవాణ్ణి. అంతదూరంలో మన మనిషి విగ్రహం చూసేసరికి అక్కణ్ణుంచి కదలలేకపోయాను. యుద్ధం అయ్యాక ఈయన ఎలా బతికారు, ఎక్కడ పోయారు? అది తెలుసుకోవాలనిపించింది.

యుద్ధం సంగతులు తేలిగ్గానే దొరికాయి. 1918లో సిమ్లాలో పుట్టారు. 1940లో బ్రిటన్ వెళ్లిన భారతీయ పైలట్లలో ఒకరు. హరికేన్ అనే యుద్ధ విమానాలు నడిపారు. గాల్లో కూడా తలపాగా తియ్యలేదు. తర్వాత బర్మా వెళ్లారు, 1945లో డీఎఫ్‌సీ వచ్చింది.

చిక్కు పేరు దగ్గర వచ్చింది. ఇంగ్లిష్ కాగితాల్లో ఆయన ఒకచోట మహీందర్, ఇంకోచోట మోహీందర్. అది తెలియక ఒక ఆఫీసుకి ఒకే స్పెల్లింగ్‌తో ఉత్తరం రాశాను. మూడు వారాల తర్వాత, ఆ పేరుతో ఎవరూ లేరని జవాబు. చాలా బాధేసింది. అప్పట్నుంచి ఇంటిపేరు ఒక్కటే కొట్టి వెతకడం మొదలుపెట్టాను. పతకాల ప్రకటనలు వచ్చే బ్రిటన్ ప్రభుత్వ పత్రిక లండన్ గెజిట్‌ని ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకొచ్చు. సర్వీస్ నంబర్ కనబడితే ముందు దాన్ని రాసిపెట్టుకోండి. పేరులో అక్షరాలు మారినా నంబర్ మారదు.

తర్వాత లండన్‌లో క్యూ (Kew) అనే చోట, ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్లాను. స్క్వాడ్రన్ల (వైమానిక దళాల) రోజువారీ రికార్డులు అక్కడి కంప్యూటర్లలో డబ్బు కట్టకుండా చూడొచ్చు. ఫారం 541 అని ఒకటుంటుంది. తేదీ, విమానం నంబర్, పైలట్ పేరు, ఎగిరిన టైము, దిగిన టైము. అంతా టైప్ చేసిన వరసలు. కొన్ని వరసల్లో దిగిన టైము ఉండాల్సిన చోట ఖాళీ. ఆ ఖాళీ గడి చూసి కాసేపు స్క్రీన్ మీంచి చూపు తిప్పుకున్నాను.

కామన్వెల్త్ యుద్ధ సమాధుల జాబితాలో ఆయన పేరు లేదు, ఉండదు కూడా. రెండో ప్రపంచయుద్ధానికి సంబంధించి 1947 డిసెంబర్ 31 లోపు చనిపోయినవాళ్లే అందులో ఉంటారు. బతికి ఇంటికొచ్చినవాళ్ల కోసం వేరే దారి చూసుకోవాలి. నాకు పత్రికల సంతాప కథనాలు, లైబ్రరీ, చనిపోయిన ఏడాదే పుస్తకంగా వచ్చిన ఆయన స్వీయకథ దారి చూపించాయి. యుద్ధంలో నిమిషాలతో సహా లెక్క రాశారు. తర్వాతి అరవై అయిదేళ్లని మాత్రం నేను ముక్కముక్కలుగా ఏరుకోవాల్సి వచ్చింది.

యుద్ధం అయ్యాక క్షయ వచ్చింది, కోలుకున్నారు. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ విమానాశ్రయంలో పనిచేశారు. 1974లో మళ్లీ బ్రిటన్ వచ్చారు. భారతీయ పైలట్లని ఇక్కడివాళ్లు మర్చిపోయారని ముసలితనంలో గట్టిగానే అడిగారు. అడగాల్సిందే కదా! 1998 నుంచి గ్రేవ్‌జెండ్‌లోనే ఉన్నారు. 2010 సెప్టెంబర్ 18న పోయారు, తొంభై రెండేళ్లు. విగ్రహం 2014లో పెట్టారు. అంటే అది ఆయన చూడలేదు.

మొన్న ఇంటికి ఫోన్ చేసి, మిలటరీ తాతయ్య ట్రంకు పెట్టెలో పెన్షన్ కాగితం ఏమైనా ఉందేమో చూడమన్నాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, చిరిగిన మడత దగ్గర ఆగి ఆగి, ఒక్కో అంకే చదివింది. అన్నీ రాసుకుని, తిరిగి ఆవిడకి చదివి వినిపించాను.