బ్యాండ్ 5 దగ్గర ఆగిపోయిన జీతం

ఇంగ్లాండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) నర్సులకు 2025–26కి 3.6 శాతం పెంపు అని వార్త రాగానే గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో ఫోన్ వస్తుంది, "జీతం పెరిగిందట కదా" అని. పెరిగిన మాట నిజమే. చేతికి ఎంత వచ్చిందన్నది వేరే లెక్క.

నాలుగేళ్ల సర్వీసు దాటి బ్యాండ్ 5 (నర్సు ఉద్యోగం మొదలయ్యే జీతాల తరగతి) చివరి మెట్టు మీద ఉన్న స్టాఫ్ నర్సును తీసుకోండి. లండన్ అలవెన్స్ కలపకుండా ఏడాది జీతం 36,483 పౌండ్ల నుంచి 37,796కి చేరింది. తేడా 1,313. ఇందులో పెన్షన్‌కు 9.8 శాతం, అంటే 129 పోతుంది. మిగిలినదాని మీద 20 శాతం ట్యాక్స్ 237. నేషనల్ ఇన్సూరెన్స్ 8 శాతం, అది పెన్షన్ తీయకముందు మొత్తం మీద పడుతుంది కాబట్టి 105. ఏడాదికి మిగిలేది 842, నెలకు 70 పౌండ్లు. కొత్తగా బ్యాండ్ 5లోకి వచ్చినవాళ్లకు 29,970 కాస్తా 31,049 అయింది. వాళ్ల చేతికి నెలకు 59. ట్యాక్స్ పడని 12,570 పౌండ్ల పరిమితి 2021 నుంచి కదలలేదు కాబట్టి పెరిగిన ప్రతి పౌండు మీదా కోత పడుతుంది. 2025 జూలైలో నర్సుల యూనియన్ ఆర్‌సీఎన్ అభిప్రాయం అడిగితే ఓటు వేసినవాళ్లలో 91 శాతం ఈ పెంపు వద్దన్నారంటే ఇదీ ఒక కారణం.

మన నర్సుల్లో చాలామంది మూడు విషయాలను ఒకటిగా కలిపేసి బాధపడుతుంటారు. ఏటా వచ్చే పెంపు ఒకటి. అది పే రివ్యూ బాడీ (జీతాల మీద ప్రభుత్వానికి సలహా ఇచ్చే స్వతంత్ర సంఘం) సిఫారసు, ప్రభుత్వ నిర్ణయం. దానికీ మీ పనితీరుకూ సంబంధం లేదు. ఏప్రిల్ 1 నుంచి రావలసినది ఆలస్యం కావచ్చు. 2024లో అక్టోబరులో, 2025లో ఆగస్టులో అరియర్స్‌తో కలిపి వేశారు. రెండోది సర్వీసును బట్టి ఎక్కే మెట్టు. మూడోది అప్రైజల్, అంటే ఏటా మేనేజర్‌తో కూర్చుని పనితీరు చూసుకునే సమీక్ష. మన దగ్గర ప్రైవేటు ఆసుపత్రుల్లో మేనేజ్‌మెంట్‌కు నచ్చితే ఇంక్రిమెంట్ కాస్త ఎక్కువ వేస్తారు. ఆ అలవాటుతో వచ్చినవాళ్లు ఇక్కడి అప్రైజల్‌లో మంచి మాటలు రాశారు కాబట్టి జీతం పెరుగుతుందనుకుంటారు. పెరగదు. ఎంత బాగా చేసినా, అంతంతమాత్రంగా చేసినా బ్యాండ్ 5లో అదే అంకె. అయితే అప్రైజల్ జరగకపోతే మాత్రం మెట్టు ఆగిపోవచ్చు. పెంచే శక్తి లేని కాగితానికి ఆపే శక్తి ఉండటం అన్యాయమే. కానీ నిబంధన అలా ఉంది కాబట్టి తెలుసుకుని మసలుకోవాలి.

బ్యాండ్ 5లో మెట్లు మూడే. 2025–26 అంకెల్లో మొదటిది 31,049, రెండేళ్ల తర్వాత 33,487, నాలుగేళ్ల తర్వాత 37,796. ఆ తర్వాత పదేళ్లు చేసినా ఏటా వచ్చే పెంపు తప్ప ఇంకేమీ లేదు. పై మెట్టు ఎక్కాలంటే ఆ ఏడాది అప్రైజల్ పూర్తయి ఉండాలి, మాండేటరీ ట్రైనింగ్‌లన్నీ గడువులో ఉండాలి, రికార్డులో ఫార్మల్ క్రమశిక్షణ శిక్ష అమల్లో ఉండకూడదు, పనితీరు మీద ఫార్మల్ ప్రక్రియ నడుస్తూ ఉండకూడదు. మేనేజర్ ఈఎస్‌ఆర్ అనే ఉద్యోగుల రికార్డుల సిస్టంలో పే స్టెప్ రివ్యూ (మెట్టు ఎక్కించే ముందు చేసే సమీక్ష) పూర్తి చేయాలి.

ఎక్కువమందికి దెబ్బ తగిలేది ట్రైనింగ్ దగ్గర. ఆన్‌లైన్‌లో చేసే ఫైర్ సేఫ్టీ, డేటా సెక్యూరిటీ లాంటివి ఇంట్లో కూర్చుని అరగంటలో అయిపోతాయి. మూవింగ్ అండ్ హ్యాండ్లింగ్ (రోగులను ఎత్తడం, కదిలించడం), బేసిక్ లైఫ్ సపోర్ట్ క్లాసుకు వెళ్లి చేయాలి. సీట్లు దొరకవు. దొరికిన రోజున వార్డులో మనుషులు తక్కువని ఆపేస్తారు. అలా ఆపినప్పుడు నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. "ఫలానా తేదీ క్లాసుకు పేరు వేసుకున్నాను, స్టాఫ్ తక్కువని వెళ్లనివ్వలేదు, మళ్లీ ఎప్పుడు పంపుతారు" అని ఆ రోజే రెండు లైన్ల ఈమెయిల్ పెట్టండి. మీ చేతిలో లేని కారణంతో ట్రైనింగో అప్రైజలో తప్పిపోతే మెట్టు ఆపకూడదు. దానికి రుజువు ఆ రెండు లైన్లే. ప్రసవ సెలవులో ఉండగా మెట్టు తేదీ వస్తే, రివ్యూ మీటింగ్ జరగలేదన్న కారణంతో ఆపే వీల్లేదు.

ఆ తేదీ ఎక్కడ ఉంటుందంటే, పే స్లిప్ పైభాగంలో ఇంక్రిమెంటల్ డేట్ అని ఒక చిన్న గడి. దాన్ని చూసేవాళ్లు తక్కువ. ఒక ట్రస్టు (ఆసుపత్రులను నడిపే ఎన్‌హెచ్‌ఎస్ సంస్థ) నుంచి ఇంకో ట్రస్టుకు మారినప్పుడు పాత సర్వీసు రికార్డు రాకపోతే సిస్టం మిమ్మల్ని కొత్తగా చేరినట్టు లెక్కేసి కింది మెట్టులో కూర్చోబెడుతుంది. మారిన మొదటి నెల పే స్లిప్‌లోనే ఆ గడి, దాని పక్కన మీ మెట్టు చూసుకోండి. తేడా ఉంటే పాత పే స్లిప్ జత చేసి హెచ్‌ఆర్‌కు, పేరోల్‌కు ఇద్దరికీ రాయండి. ఇలాగే విదేశాల నుంచి వచ్చిన నర్సులకు ఓఎస్‌సీఈ (ప్రాక్టికల్ పరీక్ష) పాసై, నర్సుల నియంత్రణ సంస్థ ఎన్‌ఎంసీ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, అంటే పిన్, వచ్చేవరకు బ్యాండ్ 3లోనో 4లోనో జీతం ఇస్తారు. పిన్ వచ్చాక బ్యాండ్ మార్చే ఫారం మేనేజర్ దగ్గర వారాల తరబడి ఉండిపోతుంది. బ్యాండ్ 5 ఏ తేదీ నుంచి వర్తిస్తుందో ఆఫర్ లెటర్‌లో చూసి, అప్పటి నుంచి అరియర్స్ అడగాలి.

మనవాళ్లకు అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. హైదరాబాద్‌లో ఐసీయూలో ఎనిమిదేళ్లు, పదేళ్లు వెంటిలేటర్ల మధ్య పనిచేసి వచ్చిన సిస్టర్‌ను, నిన్న మొన్న కాలేజీ నుంచి బయటికొచ్చిన అమ్మాయితో పాటు మొదటి మెట్టులోనే పెడతారు. ఎన్‌హెచ్‌ఎస్ బయటి అనుభవం ఉద్యోగానికి పనికొచ్చేదైతే లెక్కలోకి తీసుకునే విచక్షణ యాజమాన్యానికి ఉందని జీతాల హ్యాండ్‌బుక్‌లోనే ఉంది. హక్కు కాదు, విచక్షణ. కాబట్టి అడగాలి, అదీ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టకముందు. సంతకమయ్యాక అడిగితే వినేవాళ్లు తక్కువ. ఇండియా నుంచి బయల్దేరే ముందే ప్రతి ఆసుపత్రి నుంచీ సర్వీసు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, ఏ వార్డు, ఎన్ని పడకలు, వారానికి ఎన్ని గంటలు అన్నీ ఉండాలి. "ఆమె మా దగ్గర పనిచేశారు, నడవడిక బాగుంది" అని ఇచ్చే ఒక్క లైను కాగితం ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

ఇక బ్యాండ్ 6. అది సీనియారిటీతో రాదు. ఖాళీ పడితే దరఖాస్తు చేసి, ఇంటర్వ్యూకు వెళ్లి తెచ్చుకోవాలి. వచ్చాక జీతం 2025–26 అంకెల్లో 38,682. బ్యాండ్ 5 చివరి మెట్టుతో పోలిస్తే ఏడాదికి 886, అంటే నెలకు కోతలకు ముందు 74 పౌండ్లు ఎక్కువ. బ్యాండ్ 6 చివరి మెట్టు 46,580కి చేరడానికి ఐదేళ్లు. దరఖాస్తుకు ముందు నైట్ల లెక్క తప్పకుండా వేసుకోవాలి. 37,796 జీతానికి గంటకు 19.33 పడుతుంది. మామూలు రోజుల్లో నైట్‌కు, శనివారానికి 30 శాతం అదనం. ఆదివారం, సెలవు రోజుల్లో 60 శాతం. షిఫ్టులో సగానికి మించి రాత్రి 8 నుంచి పొద్దున 6 మధ్య పడితే మొత్తం షిఫ్టుకు అదనం వస్తుంది. పదకొండున్నర గంటల నైట్‌కు అది 67 పౌండ్లు, నెలకు ఆరు నైట్లకు 400. బ్యాండ్ 6 అంటూ సోమవారం నుంచి శుక్రవారం దాకా నడిచే క్లినిక్‌లో చేరితే ఆ 400 పోయి 74 వస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే నిద్ర కోసం, వాళ్ల కోసం ఆ నష్టం భరించడం సబబే. డబ్బు కోసమే అయితే బ్యాండ్ 6లో కూడా షిఫ్టులుండే వార్డు వెతుక్కోవాలి.

మెట్టు ఎక్కినప్పుడు పెన్షన్ కోత చూసి కూడా గాభరా పడతారు. పెన్షన్ శాతం జీతంలో పెరిగిన భాగానికి కాదు, మొత్తం జీతానికి వర్తిస్తుంది. 2025–26లో 33,487 మీద 8.3 శాతం, 37,796 మీద 9.8 శాతం. అందుకే 4,309 పౌండ్ల మెట్టులో నెలకు చేతికొచ్చేది దాదాపు 197. నైట్ల డబ్బు కూడా పెన్షన్ లెక్కలోకి వస్తుంది కాబట్టి కొందరికి 9.8 ముందే మొదలైపోయి ఉంటుంది. పేరోల్ తప్పు చేసిందనుకుని పెన్షన్ నుంచి బయటికి రావద్దు. యాజమాన్యం వేసే వాటా మీ వాటా కన్నా చాలా పెద్దది.

అప్రైజల్‌ను జీతం కోసం కాకుండా బ్యాండ్ 6 ఫారం కోసం వాడుకోవడం మంచిది. షిఫ్టు మధ్యలో స్టాఫ్ రూంలో ఇరవై నిమిషాల్లో ముగించేస్తామంటే వేరే సమయం ఇవ్వమనండి. మన పని మనం చేసుకుపోతే చాలు, చెప్పుకోవడం ఎందుకన్న పెంపకం మనది. ఇక్కడ చెప్పకపోతే చేయనట్టే లెక్క. "బాగా పనిచేస్తాను" అంటే ఫారంలో ఏమీ పడదు. "మార్చి నుంచి జూన్ వరకు పద్నాలుగు షిఫ్టులకు ఇన్‌చార్జిగా ఉన్నాను, ఇద్దరు స్టూడెంట్లను చూసుకున్నాను, ప్రెషర్ అల్సర్ ఆడిట్ చేశాను" అంటే పడుతుంది. మూడేళ్లకోసారి ఎన్‌ఎంసీ రీవాలిడేషన్‌కు (రిజిస్ట్రేషన్ కొనసాగింపుకు) రాసే ఐదు రిఫ్లెక్షన్లు, అంటే చేసిన పని మీద ఆత్మపరిశీలన రాతలు, 35 గంటల సీపీడీ (వృత్తిపరమైన శిక్షణ) కూడా ఇక్కడ చూపించవచ్చు. వచ్చే ఏడాది లక్ష్యాల్లో బ్యాండ్ 6 ప్రకటనల్లో అడిగే కోర్సు పేరు రాయించండి. అప్పుడు స్టడీ లీవ్ అడగడానికి ఆధారం ఉంటుంది.

రోజూ చేసేది బ్యాండ్ 6 పనే అయితే ఉద్యోగ వివరాల పత్రాన్ని సరిచేయించి, జాబ్ ఎవాల్యుయేషన్ (ఉద్యోగం ఏ బ్యాండ్‌కు తగినదో తేల్చే పరిశీలన) అడగవచ్చు. యాజమాన్యం, యూనియన్ ప్రతినిధులు కలిసి 16 అంశాల మీద మీ పనిని జాతీయ ప్రొఫైల్స్‌తో (ఒక్కో బ్యాండ్ ఉద్యోగానికి ఉన్న నమూనా వివరాలతో) పోల్చి చూస్తారు. షిఫ్టుకు ఇన్‌చార్జిగా ఉన్నానన్న ఒక్క మాట సరిపోదు, అది బ్యాండ్ 5లో కూడా ఉంది. మూడు నెలల రోటాలు (డ్యూటీ పట్టికలు), ఎవరికి ఏ పని అప్పజెప్పారు, బ్లీప్ (అత్యవసర పిలుపులకు వాడే పేజర్) ఎవరు మోశారు, ఏ నిర్ణయాలు మీరే తీసుకున్నారు అన్నవి తేదీలతో ఉండాలి. ఫలితం నచ్చకపోతే తెలియజేసిన మూడు నెలల్లోగా రివ్యూ కోరాలి. దరఖాస్తు వేసేముందు యూనియన్ ప్రతినిధికి ఆ కాగితాలన్నీ ఒకసారి చూపించండి. ఏ అంశం కింద ఏ రుజువు పెట్టాలో వాళ్లకు తెలుసు.