డిప్లోమిస్టస్ నోట్లో నైటియా: దవడ అంచు దగ్గర మూడో ప్రయత్నం

రాతి పలక నుంచి నేను బయటికి తీస్తున్న శిలాజ చేప పై దవడ అంచులో నిన్న సాయంత్రం మరో రెండు మిల్లీమీటర్ల ఎముక పోయింది, ఆ బాధ ఇంకా తగ్గలేదు. ఈ పలక నిరుడు వేసవిలో అమెరికాలోని వయోమింగ్‌లోని కెమెరర్ దగ్గరి క్వారీలో రుసుము కట్టి నేనే విప్పినది, సుమారు 5.2 కోట్ల ఏళ్ల కిందటి ఫాసిల్ సరస్సు అడుగున పేరుకున్న సున్నపు బురద. పెద్ద చేప డిప్లోమిస్టస్ 27 సెం.మీ. ఉంది. దాని నోటి నుంచి చిన్న చేప వెనుక భాగం 4.1 సెం.మీ. బయటికి కనిపిస్తోంది. పాయువాజం (పొట్ట కింద తోకకు ముందుండే రెక్క) కురచగా ఉన్నందున అది పిల్ల డిప్లోమిస్టస్ కాదు, నైటియా అనే వేరే రకం చేప అని ఒక్క పూటలో తేలిపోయింది.

తేలనిది ఒకటే: మింగబోయిన ఎర అడ్డుపడి పెద్ద చేప చచ్చిందా, లేక రెండు కళేబరాలు ఒకదానిపై ఒకటి పడ్డాయా? పైకి తిరిగిన నోటితో నీటి పైభాగంలో వేటాడే డిప్లోమిస్టస్‌కు గుంపులుగా తిరిగే నైటియా ఆహారమే. ఎర గొంతులో ఉండగానే చచ్చిన చేపలు ఈ రాతిలో దొరికాయి. అయితే నా పలకలో మింగుడు జరిగిందనాలంటే పై దవడ ఎముక చిన్న చేప మీదుగా సాగాలి, దాని వెన్నుపూసలు మొప్పల మూత కిందికి కొనసాగాలి. కానీ కొలిస్తే చిన్న చేప వెన్ను దవడకంటే 0.3 మి.మీ. ఎత్తున ఉంది. బురద అణగినప్పుడు గట్టి వెన్నుపూసలు పలుచని దవడను చీల్చుకుని పైకి వచ్చాయేమోనని నా ఊహ.

మొదట 0.46 మి.మీ. నాజిల్‌తో 40 పీఎస్‌ఐ గాలి పీడనం వద్ద డోలమైట్ అనే రాతి పొడిని కొట్టాను. రాయి త్వరగా పోయింది, కాగితమంత పలుచని దవడ అంచు కూడా అరిగింది. తరువాత 20 పీఎస్‌ఐ వద్ద వంటసోడాతో నలభై నిమిషాలు కొట్టినా ఎముకల మధ్యనున్న నల్లని మరక చెక్కుచెదరలేదు. నిన్న అంచుకు పారాలాయిడ్ బి-72 అనే జిగురు ద్రావణం పట్టించి, మైక్రోస్కోప్ కింద సూదితో ఎత్తితే, రాతి పెచ్చుతోపాటు ఎముకా లేచి వచ్చింది. ద్రావణం చిక్కగా కలపడంతో అది సందులోకి దిగి రాయినీ ఎముకనూ కలిపి పట్టేసిందని అనుకుంటున్నాను. అయినా సూపర్ గ్లూ కంటే దీన్నే నమ్ముతాను, ఎందుకంటే అసిటోన్‌తో మళ్లీ కరిగించవచ్చు. పోయిన అంచును రంగుతో పూరించే పద్ధతి మాత్రం నాకు సమ్మతం కాదు. ఇక్కడ సాక్ష్యమే ఆ అంచు.

వచ్చే వారం దవడను వదిలి, మొప్పల మూత వెనుక అంచు నుంచి 15 పీఎస్‌ఐతో లోపలికి వెళ్లి, నైటియా పొట్ట అంచున ఉండే రంపపు పొలుసుల కోసం వెతుకుతాను. ఆ తరువాత అదే పొరలో దొరికిన శిలాజ మలం ముక్కలు రెండింటిలో అవే పొలుసులు ఉన్నాయేమో చూడాలి.